బొంబాయి నుంచి మస్కట్ రెండున్నర గంటలే

ఈమధ్య మొదటిసారి విమానమెక్కాను. అది కిందికి దిగుతుంటే చెవులు దిబ్బడ వేశాయి. ఇంకాసేపట్లో హైదరాబాద్ చేరుకుంటామని స్పీకర్లో చెబుతున్నారు. నాకు మాత్రం సుభద్ర టీచర్‌గారి గొంతే వినిపించింది: "బొంబాయి నుంచి మస్కట్ రెండున్నర గంటలేనర్రా!"

తొంభైల చివర్లో, అమలాపురం దగ్గరి హైస్కూల్లో నేను కొత్తగా టీచరుగా చేరేనాటికి ఆవిడ అక్కడ సోషల్ చెబుతున్నారు. పాఠం ఎలా చెప్పాలో ఆవిడ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను. గ్లోబు మీద దారం పెట్టించి పిల్లల చేత దూరాలు కొలిపించేవారు. ఎప్పుడూ మస్కట్‌తోనే మొదలు. భర్త సూర్యనారాయణగారు అక్కడ లారీ డ్రైవరు. "పదహారు వందల కిలోమీటర్లు వచ్చిందండీ," అని ఓ పిల్ల అంటే, "ఆయ్, అంతే. టిఫిను అక్కడ తిని భోజనానికి బొంబాయిలో దిగొచ్చు," అని మురిసిపోయేవారు.

ఒక వానాకాలం పొద్దున హెడ్మాస్టరు గదిలో ఫోన్ మోగింది. లారీ బోల్తాపడి సూర్యనారాయణగారు పోయారు. రేపో ఎల్లుండో తీసుకొచ్చేస్తారని బంధువులంతా చేరారు. కానీ అక్కడి కంపెనీ కాగితాలివ్వలేదు, ఇస్తే పోలీసులు పంపలేదు. నెల దాటింది. ఇంట్లో ఏడుపులు భరించలేక ఆవిడ స్కూలుకే వచ్చి కూర్చునేవారు. "విమానానికి రెండున్నర గంటలే కదమ్మా, ఈయనింకా రాలేదేంటి?" అని నన్నడిగేవారు.

చివరికి ఒక వాన రోజున వ్యాన్‌లో పెట్టె వచ్చింది. "చాలా రోజులైపోయిందమ్మా, నువ్వు చూడలేవు," అన్నారు వాళ్ల బావగారు.

"ఒక్కసారండీ బావగారూ. మొహం వద్దు, కాళ్లైనా చూపించండి."

ఆడవాళ్లు ఆవిడను లోపలికి తీసుకుపోయి తలుపేశారు. మగవాళ్లు కొబ్బరితోట చివర అంతా కానిచ్చేశారు.

ఆ తర్వాత ఆవిడ గ్లోబు ముట్టుకోలేదు. ఓ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో క్యారేజీ ముందు పెట్టుకుని, "వచ్చింది ఆయనేనంటావా అమ్మా?" అన్నారు. ఆ మాటే ఏళ్ల తరబడి అడిగారు. రిటైరయ్యాక రాజోలులో చెల్లెలింట్లో ఉంటే చూడ్డానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. వీధిలో ఏ వ్యాన్ ఆగినా గబగబా గుమ్మంలోకి వెళ్లి, డ్రైవరు మొహం చూసి వెనక్కి వచ్చేస్తున్నారు. అలా ఎదురుచూస్తూనే పోయారు.

నా భర్త ఆసుపత్రిలో పోయినప్పుడు మావాళ్లు "చూడకు" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకుని వెళ్లి, గుడ్డ తీసి, ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. అది చూసిన కళ్లతో నిద్ర పట్టని రోజులు చాలా ఉన్నాయి. కానీ ఆయన పోయారని నాకు తెలుసు. ఆ మాత్రం ఆవిడకు దక్కలేదు. ఇప్పుడు ఎవరింట్లో చావు జరిగినా, భార్యను లోపల కూర్చోబెట్టబోతే నేనే వెళ్లి తలుపు తీస్తాను.