పెరిగే దిక్కు

మా లెక్కల సార్ పోయారు. నిన్న పొద్దున కాటేదాన్‌లోని మా కాలేజీకి వెళ్తూ బస్సులో ఉండగా మా అబ్బా, అదే మా నాన్న, ఫోన్ చేసి చెప్పాడు. ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్ల లైన్లో తన వంతు వదిలేసి సార్ ఇంటికి పోతున్నానని, నన్నూ వెనక్కి రమ్మని. మైలార్‌దేవ్‌పల్లిలో దిగి రోడ్డు దాటాను. శంషాబాద్ బస్సు ఎంతకీ రాలేదు. నిలబడలేక నడవడం మొదలుపెట్టాను, అంత దూరం నడిచే చేరిపోగలిగినట్టు.

సార్ ఇంట్లోనూ కూర్చోలేకపోయాను. ఆడవాళ్లు చాప మీద జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను, లేచాను, వంటింటి గడప దాకా పోయి వచ్చాను, మళ్లీ లేచాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. మొన్న చూడ్డానికి వచ్చినప్పుడు బాగానే తిరుగుతున్నారు కదా అని కనపడ్డవాళ్లందరితో అన్నాను.

సార్ కూడా ఒకచోట కూర్చునే మనిషి కాదు. రిటైరయ్యాక మేడ మీద రేకుల షెడ్డులో ట్యూషన్ చెప్పేవారు. చెబుతున్నంతసేపూ బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేవారు. తల మీంచి విమానం పోతే సుద్దముక్క గాల్లోనే పట్టుకుని ఆగి, చప్పుడు తగ్గాక ఆపిన మాట దగ్గరే ఎత్తుకునేవారు. మేం నవ్వితే, "నవ్వుడు అయిందా? ఇగ రాయుండ్రి" అనేవారు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇంటర్లో పట్టుబట్టి ఎంపీసీ తీసుకున్నాను. లెక్కల పరీక్ష పెట్టిన ప్రతిసారీ తప్పాను. ఈ పిల్లకు లెక్కలు రావు, గ్రూపు మార్పించండి అని కాలేజీవాళ్లు అబ్బాను పిలిచి చెప్పారు. నాకు తిండి సయించలేదు. నాకు ఇష్టమైంది అదొక్కటే, అదే రాదంటున్నారు. ఏడ్చి మొత్తుకుంటే, నెలాఖరు దాకా చూస్తానని అబ్బా నన్ను ఆ మేడ ఎక్కించాడు.

మొదటి రోజే సార్ ఒక పట్టిక గీశారు. పై వరుసలో ఎక్స్ విలువలు ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాటి కింద ప్రమేయం (ఫంక్షన్) విలువలు తొమ్మిది, నాలుగు, ఆరు, పదకొండు. ప్రమేయం ఎక్కడ పెరుగుతోందని నన్ను అడిగారు. రెండు నుంచి ఒకటి దాకా అన్నాను. షెడ్డంతా నవ్వింది. పట్టిక మొత్తంలో తగ్గే చోటు అదొక్కటే.

సార్ నవ్వలేదు. నా పక్కకొచ్చి, వేలు పెట్టి మళ్లీ చదవమన్నారు. నా వేలు కుడి చివరన పదకొండు మీద పడి, అక్కడి నుంచి ఎడమకు జరిగింది. ఉర్దూ అటు నుంచే కదా చదువుతాం. అలవాటుగా అలాగే చదువుతున్నానని నాకే తెలియదు. ఎడమ నుంచి చదువు అని ఒక్క మాట చెప్పి సార్ వదిలేయొచ్చు. వదల్లేదు. అదే పట్టికను నిలువుగా రాశారు, తర్వాత కలగాపులగం చేసి రాశారు.

"ఎడమ, కుడి అని ఏం లేదు బిడ్డా. పై అంకె ఎటు పెరుగుతదో గా దిక్కుకు నడువు. నడుస్తుంటే కింది అంకె ఎక్కుతున్నదా, దిగుతున్నదా చూడు. గంతే."

ఇంకో పట్టుదల ఉండేది ఆయనకు. రాసి ఉన్న విలువల వరకే మాట్లాడాలి, రాయని చోట ఏముందో పట్టిక చెప్పదు అనేవారు. జవాబులో "ఈ పట్టికను బట్టి" అన్న మాట లేకపోతే మార్కు కోసేసేవారు. అప్పట్లో మాకది చాదస్తంలా ఉండేది.

నెలాఖరున, గ్రూపు మార్పించడానికి అబ్బా బయల్దేరుతుంటే సార్ మా ఇంటికొచ్చారు. చాయ్ ఇస్తే నిలబడే తాగారు. పిల్ల పాసవుతుందని మాటిస్తారా అని అబ్బా సూటిగా అడిగాడు. ఇవ్వండి సార్, ఇవ్వండి అని లోలోపలే బతిమాలుకున్నాను.

"ఇయ్యలేను భాయ్," అన్నారు సార్. "మొదటి పరీక్షల మూడొచ్చినయి. తర్వాత ఏడు, మొన్న పదకొండు. అన్నీ తప్పిన మార్కులే. కానీ పెరుగుతున్నయి. ముంగటి సంగతి నాకు తెల్వది."

అబ్బా కారు తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ప్లాట్లమ్మేటోళ్లు రోజు నా బండ్ల కూసుంటరు సార్. రేటు పెరుగుతదని ఒట్టేస్తరు. మీరైతే ఒట్టేస్తలేరు," అన్నాడు చివరికి. "ఇంకో పరీక్ష దాకా చూస్త."

అలా ఇంకోటి, ఇంకోటి అంటూనే ఇంటర్ గట్టెక్కాను. ఇప్పుడు కాటేదాన్ కాలేజీలో నేను చెబుతున్నదీ లెక్కలే.

నిన్న మధ్యాహ్నం పాడె లేచింది. వీధి చివర ఆడవాళ్లందరం ఆగిపోయాం. కాస్త ముందుకు పోయాక అబ్బా, ముందు వైపు మోస్తున్న ఒకతన్ని అడిగి ఆ చోట్లోకి దూరాడు. అబ్బా పొట్టి మనిషి. వెదురు భుజానికి అందలేదు. వద్దు భాయ్, చేతులు గుంజుతాయని పక్కవాళ్లు చెప్పారు. వినలేదు. రెండు అరచేతులూ తల కంటే పైకెత్తి, సార్‌ను అలాగే ఎత్తిపట్టుకుని, మలుపు తిరిగేదాకా నడుస్తూనే ఉన్నాడు.