కిందికి దిగే సీటు

పక్షవాతం తగ్గాక మా ఆయనకి కాళ్ళు తిరిగొచ్చాయి గానీ హుషారు తిరిగి రాలేదు. అమీర్‌పేటలో మా మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుని, కింద కోచింగ్ సెంటర్ల పిల్లలు వచ్చిపోవడం చూస్తూ పొద్దుపుచ్చేవారు. ఒకప్పుడు తెల్లారకముందే మౌంటెన్ బైక్ తీసి బంజారాహిల్స్ ఎత్తులన్నీ తొక్కి వచ్చిన మనిషి! ఆ సైకిల్ మీద పాత దుప్పటి కప్పేసి, "ఎవరికైనా ఇచ్చెయ్" అన్నారు ఒకరోజు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే భయమేసింది. సైకిల్ పోతే ఈయన ఇంక ఆ కుర్చీలోంచి లేవరు.

ఫిజియోథెరపీ ఆవిడని అడిగితే, "అపార్ట్‌మెంట్ ఆవరణలో తొక్కొచ్చు, కానీ ఆగినప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి" అంది. సీటు దించితే పాదాలు ఆనుతాయి, తొక్కడానికి మోకాళ్ళు అడ్డం. ఎత్తితే తొక్కగలరు, దిగలేరు. ఏం చావను? ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా డ్రాపర్ సీట్‌పోస్ట్ కనపడింది. హ్యాండిల్ మీద మీట నొక్కితే సీటు మనిషితో సహా కిందికి దిగుతుంది. నొక్కి కాస్త లేస్తే మళ్ళీ పైకొస్తుంది. ఇదీ కాకపోతే ఇంక నా దగ్గర ఏమీ లేదనుకున్నాను.

పంజాగుట్ట సైకిల్ షాపతను నవ్వాడు. "గది గుట్టలు దిగెటోళ్ళకు అక్కా. గీడ గుట్టలేడున్నయ్?"

"పంజాగుట్టలో కూర్చుని గుట్టలెక్కడని నన్నడుగుతావేంటి?" అని కసిరాను.

"జర ఆగక్కా, కోపమెందుకు? కొలతలు తెచ్చుకో. పొడుగు ఎక్కువైతే సీటు దించినా కాళ్ళందవు మల్ల."

ఇంటికొచ్చి ఫ్రేమ్‌లో చీపురుపుల్ల దూర్చి లోతు కొలిచాను. ఆయన్ని గోడకి నిలబెట్టి, కుట్టు టేపుతో కాళ్ళు కొలిచాను, రెండూ విడివిడిగా. కొలతలకి సరిపోయిన చిన్న సైజు తెచ్చాను. బిగించి ఇస్తానని షాపతను అంటున్నా వినలేదు. ఆయన కళ్ళముందే బిగించాలని నా పంతం.

సీటు కింది పైపులోంచి హ్యాండిల్ దాకా కేబుల్ ఫ్రేమ్ లోపలి నుంచే రావాలి. లోపలికి పోయింది పోయినట్టే, బయటికి రాదే! "ఛీ, నా మొహం" అని హాల్లో చతికిలబడి ఏడ్చాను. ఎంతసేపు ఏడుస్తాను? లేచి, లంగాకి బొందు ఎక్కించినట్టే, చిన్న పిన్నీసుకి దారం కట్టి ఫ్రేమ్‌లోకి వదిలి, సైకిల్‌ని తలకిందులు చేసి ఊపాను. పిన్నీసు అవతల కన్నంలోంచి తొంగి చూసింది. దారం చివర కేబుల్ కట్టి లాగేశాను. పగలబడి నవ్వాను. ఆయన బాల్కనీలోంచి లేచొచ్చి పక్కనే నిలబడి చూశారు. పెట్టెలో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే అలా, మీట ఎడమవైపు బిగించాను.

సీటు దించి, సైకిల్ వంచి పట్టుకుంటే ఆయన కాలు వేసి కూర్చున్నారు. రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనాయి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఇప్పుడు మీట నొక్కి కొంచెం లేవండి."

ఆయన ఎడమ బొటనవేలు మీట మీద పెట్టారు. నొక్కారు. మెడ మీద నరాలు ఉబ్బాయి. మీట కదల్లేదు. కాఫీ గ్లాసు సైతం పట్టలేని చెయ్యి అది. కాళ్ళు కొలిచాను గానీ నాకు ఆ వేలు గుర్తే రాలేదు.

"నొక్కలేరని మీకు ముందే తెలుసా?"

"పెట్టె విప్పినరోజే తెలుసు."

"మరి చెప్పరేంటండీ!" అని అరిచేశాను.

"నువ్వు ఎన్నాళ్ళకి నవ్వావు... ఎలా చెప్పను?"

కుడివైపు చూశాను. అక్కడ బ్రేకు పక్కనే గేర్ల మీట, ఇంకోదానికి చోటే లేదు.

"గేర్లు తీసేసి, ఈ మీట అటు బిగిస్తాను" అన్నాను.

"తీసెయ్" అన్నారు. సీటు మీంచి మాత్రం దిగలేదు.