ఒక్క ఎస్ తక్కువ

కంపోజిటరు ఐదో తరగతితోనే చదువుకు దండం పెట్టేశాడు. ఇంగ్లీషులో అక్షరాలన్నీ వచ్చు, మాటలకు అర్థం మాత్రం తెలియదు. అయినా ముప్పై ఏళ్లు ఒక చిన్న ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చి ఇంగ్లీషు కంపోజు చేశాడు. కళ్లు కాగితం మీద ఉంటే, చెయ్యి తనంతట తానే అరల్లోకి పోయి సీసపు అక్షరాన్ని ఏరుకొచ్చేది.

ఎన్నాళ్లు చేసినా బిల్లు పుస్తకాలు, సినిమా కరపత్రాలు, సిమెంటు కంపెనీ లెటర్‌హెడ్లే. ఇవాళ అచ్చయి రేపు చిత్తుబుట్టలో పడేవి. అందుకే కాలేజీ ఇంగ్లీషు మాస్టారు తన పద్యాల కట్ట తెచ్చి పుస్తకం వేయమన్నప్పుడు అతనికి కాళ్లు నేల మీద నిలవలేదు. బీరువాలో నిలబడే పుస్తకం ఒక్కటైనా తన చేతి మీదుగా రావాలని అతని ఆశ.

చివరి పేజీలో చిక్కొచ్చి పడింది. ఆ పద్యం నిండా ఎస్‌లే. చెయ్యి మాటిమాటికీ ఒకే అరలోకి పోతోంది. ఆఖరి పాదంలో వేళ్లకు అడుగు చెక్క తగిలింది. ఒక్క ఎస్ తక్కువ. ఆ చోటు గుర్తుండేలా ఏదో అక్షరాన్ని తలకిందులుగా బిగించి ప్రూఫు తీశాడు.

"ఈ నల్లమచ్చ ఏమిటయ్యా?" అన్నారు మాస్టారు.

"ఎస్‌లు అయిపోయాయండీ. ఒక్క మాట మార్చుకుంటే..."

"పద్యమనుకున్నావా, పచారీ చీటీ అనుకున్నావా? చెవి పెట్టి విను. సైలెంట్ స్ట్రీట్. మాటమాటకీ ముందు అదే 'స'. మన అనుప్రాస లాంటిదే. వీధిలో గాలి పోతున్నట్టు లేదూ? అది పోతే పద్యమే పోయింది. అక్షరాలు లేవంటే చెప్పు, పెద్ద ప్రెస్సుకు పోతాను."

"వెళ్లనీవోయ్, అవతల బిల్లు బుక్కులున్నాయి," అన్నాడు ప్రెస్సు ఓనరు, తల ఎత్తకుండానే.

కంపోజిటరు "సైలెంట్ స్ట్రీట్, సైలెంట్ స్ట్రీట్" అని గొణుక్కున్నాడు. గొణుక్కుంటుంటే చెయ్యి లేచింది. ఎస్ అర మీదికి కాదు, సి అర మీదికి.

"మాస్టారూ, సినిమాలోనూ ఇదే చప్పుడు కదండీ? దాన్ని ఎప్పుడూ సి అరలోంచే తీశాను."

"తీస్తే?"

"సిలు బోలెడున్నాయండీ. వాటితో మొదలయ్యే మాటేదైనా... సిమెంట్?"

"సైలెంట్ సిమెంటా!" మాస్టారు పడీపడీ నవ్వారు. "నా పద్యానికి గోడ కడతావా ఏం?"

"సర్కిల్?"

"ఊహూ."

"సిటీ?"

నవ్వు ఆగింది. మాస్టారి పెదవులు రెండుసార్లు కదిలాయి. జేబులోంచి పెన్ను తీసి ప్రూఫు మీద స్ట్రీట్‌ని కొట్టేశారు. "ఒక్క వీధి కాదు, ఊరు ఊరంతా నోరు మూసుకుంది. నాకెందుకు తట్టలేదయ్యా!"

ఆ పుస్తకం ఇప్పటికీ కంపోజిటరు బీరువాలో ఉంది. లోపల అతని పేరు లేదు. వేయాలని ఎవరికీ తోచలేదు. ప్రెస్సు ఉన్నచోట చెప్పుల కొట్టు వెలిసింది. మనవరాలు కంప్యూటరు మీద టకటకా టైపు చేస్తుంటే పక్కన చేరి చూస్తూ కూర్చుంటాడు. అతని వేళ్లు మోకాలి మీద ఊరికే కదులుతుంటాయి.

ఒకనాడు అడిగాడు. "ఇందులో ఎస్‌లు అయిపోవా?"

"ఎందుకు అయిపోతాయి తాతయ్యా? ఎన్ని కావాలంటే అన్ని."



"పాపం మాస్టారు," అన్నాడు. "ఇప్పుడైతే స్ట్రీట్ అనే ఉంచేసేవారు."