బియ్యంలో నాలుగు ప్లగ్గులు

మా డ్రైవరు మావయ్య పోయారని మొన్న పొద్దున బందరు బస్సు కండక్టరు మా అత్తవారింటి గుమ్మం ముందు బస్సాపి చెప్పి వెళ్లాడు. కాఫీ తాగి అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఏడుపొచ్చింది, నిజమే. కానీ ఆయన్ని తలుచుకుంటే ముందుగా నా నోట వచ్చేది ‘అమ్మయ్య’ అన్న మాటే. ఎందుకో చెబుతాను.

ఆయన మాకు చుట్టం కాదు. మొవ్వ దగ్గర మా పుట్టింటి ఊళ్లో మిల్లువారి కారు నడిపేవారు, మా పక్కింట్లో ఉండేవారు. ఊరు మొత్తానికీ అదొక్కటే కారు. కార్తీకంలో తూర్పుగాలి లేచిందంటే ఆయన కాలు నిలిచేది కాదు. పాకల కప్పుల మీద మోకులు వేయించేవారు, గొడ్ల పలుపులు విప్పించేవారు. నవ్వినవాళ్లతో, "ముందు భయపడితే తర్వాత నవ్వుకోవచ్చు" అనేవారు.

నేను తొలిచూలుకి పుట్టింటికి వచ్చిన ఏడు పెద్ద తుఫాను పట్టింది. బిడ్డ అడ్డం తిరిగింది, బందరు ఆసుపత్రి తప్పదని మంత్రసాని చేతులెత్తేసింది. బయలుదేరేలోపే గాలి ముంచుకొచ్చింది. మావయ్య కారుని రేకుల షెడ్డులోంచి తీసి, చెట్టూ చేమా లేని కళ్లంలో నిలిపి, లోపల ఇసక బస్తాలు వేశారు. ఉన్న నీడ వదిలి వానలో పెడతాడేమిటని ఊరంతా తిట్టింది. నేనూ వెర్రే అనుకున్నాను. తర్వాత ఇంజనులోని నాలుగు ప్లగ్గులూ విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చారు.

"అక్కయ్యగారూ, వీటికి చెమ్మ తగిలితే కారు కదలదండీ. మీ బియ్యం బానలో పెట్టండి" అని అమ్మ చేతికిచ్చి వెళ్లారు.

మా అమ్మకి పట్టింపులు తక్కువే గానీ బియ్యం జోలికొస్తే ఊరుకోదు. తినే గింజల్లో ఈ జిడ్డు సామానేమిటని సణుగుతూ, ఆయన అటు వెళ్లగానే మూట తీసి పంచలో గూట్లో పెట్టింది. జల్లు గూట్లోకి కొడుతోంది. అమ్మ దొడ్లోకి వెళ్లినప్పుడు పొట్ట పట్టుకుని లేచి, ఆ మూటని మళ్లీ బియ్యంలో మోచేతి లోతున పూడ్చాను. అమ్మ మాట కాదనడం నాకదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నానికి గాలి తగ్గింది. షెడ్డు నేలమట్టం. కారు మాత్రం కళ్లంలో బురద పూసుకుని నిలబడి ఉంది. అప్పటికే నాకు నొప్పులు. మావయ్య వచ్చి ప్లగ్గులు అడిగారు. మూట లేని గూట్లో నీళ్లు చూసి అమ్మ మొహం పాలిపోయింది.

"నా పిల్లని నేనే చంపుకున్నాను తమ్ముడూ" అంది.

"బియ్యంలోనే ఉన్నాయే అమ్మా" అన్నాను, పళ్లు బిగబట్టి.

మావయ్య ప్లగ్గులకంటిన గింజలు దులిపి బిగించారు. హ్యాండిలు మూడోసారి తిప్పేసరికి ఇంజను అందుకుంది. దారికడ్డం పడిన చెట్లకి వెనక సీటు కింద గొడ్డలి సిద్ధంగా ఉంది. దీపాలు పెట్టకముందే బందరు చేరాం. ఇద్దరం బతికాం. మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి.

ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ ప్లగ్గులు తెమ్మని అమ్మే ఆయనకి కబురు పెట్టేది.

నిన్న నేను పుట్టింటికి వచ్చేసరికి ఆకాశం మూసుకుంది. తూర్పుగాలి లేచింది. అమ్మ అలవాటుగా వంటింట్లోకి వెళ్లి, బాన మూత తీసి, బియ్యంలో చేత్తో గుంట చేసింది. మూత పెట్టింది గానీ గుంట పూడ్చలేదు.