ఎండకు తిరిగిన మీటరు

పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా, ఒక మార్చి నెలలో నన్ను మహబూబాబాద్ కరెంటు మీటర్ల పరీక్షా విభాగానికి ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. కింద ఒక ఏఈ, ఇద్దరు టెస్టర్లు, తోసి నడిపించాల్సిన ఒక జీపు. జనగామలో ఏఈగా మొదలుపెట్టి, చిట్యాల, ఘనపూర్ వైపు స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్లూ చూస్తూ జుట్టు నెరిసిన నాకు నీడపట్టున కూర్చునే పోస్టింగు దొరికినందుకు లోలోపల సంతోషంగానే ఉండింది.

పని పద్ధతి చెబుతాను. అనుమానం ఉన్న మీటరును విప్పి, సీలు వేసిన సంచిలో మాకు పంపుతారు. దాన్ని పరీక్షా బల్ల మీద బిగించి, కొలత తెలిసిన కరెంటు పంపి, మా ప్రామాణిక మీటరుతో పోల్చి చూస్తాం. తేడా హద్దులో ఉంటే 'మీటరు సరిగా ఉన్నది' అని రాసి సంతకం పెడతాను. ఆ బల్ల సన్నగా హోరుమనేది. రిటైరయ్యాక ఆ చప్పుడు లేక పగళ్లు వెలితిగా ఉన్నాయంటే మా ఆవిడ నవ్వుతుంది.

ఆ జూలైలో డోర్నకల్ నుంచి ఒక మీటరు వచ్చింది. వినియోగదారుడు రాజేశ్వరయ్య, కిరాణా టోకు వ్యాపారి. రెండు నెలలుగా బిల్లు ఉన్నట్టుండి పెరిగిందని ఫిర్యాదు. మీటరు పరీక్షకు చక్కగా నిలిచింది. సంతకం పెట్టి పంపేశాను. అంతటితో దాని సంగతి మరిచిపోయాను కూడా.

ఆగస్టులో ఒక ఉదయం పాసింజరు బండి దిగి ఒకామె నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. పేరు కమిలి. డోర్నకల్ దగ్గరి తండా ఆమెది. రాజేశ్వరయ్య ఇంటి వెనక గదిలో అద్దెకుంటూ బట్టలు కుడుతుంది. భర్త హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయాడు. పెద్దబిడ్డ పదో తరగతి.

కూర్చోమన్నా కూర్చోలేదు. "సారూ, మీటరు మంచిగున్నదని రాసింది మీరేనా?" అని అడిగింది. నేనే అన్నాను. "గా కాయితం జూపెట్టే సేటు నన్ను ఇల్లు ఖాళీ జెయ్యమంటున్నడు. మీటరు మంచిగుంటే కరెంటు ఎవరో దొంగతనం జేస్తున్నట్టేనట. ఇంట్ల బయటోళ్లం మేమే గద. నా బిడ్డ పదోది సదువుతుంది సారూ, నడిమిట్ల ఏడికి పోవాలె?"

అందరూ చెప్పే మాటే అనుకుని, సర్ది చెప్పి పంపబోయాను. ఆమె కదల్లేదు. తీజ్ పండుగకు తొమ్మిది రోజులు తండాకు పోయిందట. లంబాడీ ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిదో నాడు నీళ్లలో కలిపే పండుగ అది. "తొమ్మిదొద్దులు మిషన్‌కు చెయ్యి వెట్టలే. సేటు పొద్దుమాపు మీటరు జూసి గోడ మీద సుద్దతోని రాసుకుంటడు. మేం లేని తొమ్మిదొద్దులే ఎక్కువ తిరిగిందట. పోతపోత ఏదో తీగ తగిలించి పోయిన్నంటడు." చివరగా, ఎందుకో గుర్తొచ్చినట్టు, "మిద్దె మీద సోలార్ ప్లేట్లు వెట్టినప్పటి సంది గిదే లొల్లి" అంది.

రాజేశ్వరయ్య ఫైలు తీయించి చూశాను. మిద్దె మీద ప్లేట్లున్నాయని మా దగ్గరికి వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు.

ఇక్కడ జనగామ రోజుల గురించి కొంచెం చెప్పాలి. అప్పుడు మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది. కొందరు గడుసువాళ్లు తీగలు తారుమారు చేస్తే చక్రం వెనక్కి తిరిగి అంకెలు తగ్గేవి. అలాంటి ఇళ్లు పట్టుకోవడంలో నాకు పేరుండేది, ఆ పేరంటే నాకు సరదా కూడా ఉండేది. తర్వాత వచ్చిన కొత్త మీటర్లలో ఆ ఆట సాగదు. కరెంటు లోపలికొచ్చినా బయటికి పోయినా అవి కూడుకుంటూనే పోతాయి. ఇక మీ పప్పులుడకవని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ని నేనే.

సోలార్ పెట్టిన ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు లైనులోకి వెళ్తుంది. వచ్చినదీ పోయినదీ వేరువేరుగా లెక్కించే నెట్ మీటరు బిగించాకే ప్లేట్లు ఆన్ చేయాలని నియమం. కానీ మనవాళ్లకు ఆగడం తెలియదు. ప్లేట్లు అమరినాక ఎండను ఊరికే పోనివ్వడమా అని వెంటనే ఆన్ చేస్తారు. మీటరుదేముంది, వచ్చినప్పుడు బిగించుకోవచ్చంటారు. మా పరీక్షా బల్లేమో కరెంటును ఒక్క దిక్కునే పంపి చూసేది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం డోర్నకల్ వెళ్లాను. ఆ శ్రావణంలో వానలు మొహం చాటేశాయి, ఎండ మండిపోతోంది. రాజేశ్వరయ్య మర్యాదస్తుడు, నిమ్మకాయ నీళ్లు ఇచ్చాడు. మీటరు పక్కన గోడ నిండా ఆయన రాసిన సుద్ద అంకెలు. కొంచెం దూరంలో కమిలి, ఎవరి మొహమూ చూడకుండా నిలబడింది.

ఇంట్లో ఫ్యానుతో సహా అన్నీ ఆపించాను. మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం ఉంటుంది. కరెంటు ఎంత పారితే అంత వేగంగా మిణుకుతుంది. అన్నీ ఆపినా అది టకటకా కొట్టుకుంటూనే ఉంది. "జూసిన్రా సార్, ఏడనో గుంజుతున్నరు" అన్నాడు రాజేశ్వరయ్య, గెలిచినట్టు.

ఆయన దుకాణంలో మిర్చి బస్తాల మీద కప్పే పట్టాలు తెప్పించి, వెంట వచ్చిన లైన్‌మన్‌తో మిద్దె మీది ప్లేట్లన్నీ కప్పించాను. దీపం నెమ్మదించింది, ఆగింది. పట్టాలు తీయించాను. మళ్లీ మొదలైంది. రాజేశ్వరయ్య మీటరు దగ్గరికి వంగి చూశాడు.

"అమ్మా, నీ ఇస్త్రీ పెట్టె పెట్టు" అన్నాను కమిలితో. ఆమె సంశయిస్తూనే లోపలికి వెళ్లి స్విచ్ వేసింది. దీపం మిణుకు సగానికి తగ్గింది. తీసేయమన్నాను. మళ్లీ పరుగందుకుంది.

వ్యాపారి కదా, నేను విడమరిచేలోపే ఆయనకు అర్థమైంది. గోడ మీది ఆ తొమ్మిది రోజుల అంకెల వైపు చూస్తూ, "అంటే, ఈమె పగటిపూట పని జేస్తనే నాకు తక్కువొచ్చిందా సార్?" అన్నాడు. అవునన్నాను. ఆమె మిషనుకూ ఇస్త్రీకీ వాడినంత కరెంటు బయటి లైనులోకి పోలేదు, పోనిదాన్ని మీటరు కూడుకోలేదు. దొంగ అనిపించుకున్న మనిషే ఆ ఇంటి బిల్లును అన్నాళ్లూ మరీ పెరగకుండా పట్టి ఉంచింది.

నెట్ మీటరు వచ్చేదాకా ప్లేట్లు ఆపించాను. వారంలో పట్టుబట్టి తెప్పించి బిగించాను, పాత బిల్లులు సవరించాలని రాశాను. రాజేశ్వరయ్య గోడను తడిగుడ్డతో తనే తుడిచి, కమిలిని ఉండిపొమ్మన్నాడు. ఆమె వెంటనే సరేననలేదు. "ఉంట సేటూ. గని నా గదికి నా పేరు మీద మీటరు పెట్టిపియ్యి" అంది. యజమాని అంగీకార పత్రం మీద ఆయన అక్కడే సంతకం చేశాడు. నేను మరో వైపు చూస్తూ నిలబడ్డాను. క్షమించమని ఆయన అనలేదు, నిజానికి ముందు అనాల్సిన నేనూ అనలేదు. ఆ సంగతి ఇవాళ్టికీ నన్ను బాధిస్తుంది.

మిగిలిన ఏడాదిలో నేను సంతకం పెట్టిన ప్రతి నివేదిక చివరా చేత్తో ఒక వాక్యం రాశాను: 'ఇంటి మిద్దె చూడబడినది.' ఫారంలో అలాంటి గడి లేదని పై ఆఫీసు రెండుసార్లు గుర్తు చేసింది. నేను మానలేదు. డోర్నకల్ మీటరు మీద మొదట నేను రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ కాగితమే ఒక మనిషిని దొంగను చేసింది. బల్ల మీదికి మీటరు ఒక్కటే వస్తుంది, ఇల్లు రాదు. ఇంటిని వెతుక్కుంటూ మనమే పోవాలి.