పాత కంప్యూటరు మీద చూడని షీటు

రాయగడ బజారులో గోవిందరాజులుగారి కిరాణా హోల్‌సేల్ కొట్టు వెనకగదిలో సుజాత కూర్చునే కంప్యూటరు బాగా పాతది. దాన్ని మార్చవద్దని అడిగింది ఆమే. గుడారి, బిస్సమ్ కటక్, కాశీపూర్‌లలో సరుకు కొనే చిన్న కొట్లవాళ్ల దగ్గరున్నవీ అలాంటివే. దీని మీద నడిచిందే అక్కడా నడుస్తుంది.

తండ్రి మంచాన పడ్డాక ఇంటర్ మధ్యలో మానేసిన పిల్ల. ఎవరినైనా అడగడానికి సిగ్గు. నెట్ సెంటర్‌లో పక్కవాళ్ల తెరలు చూసి ఎక్సెల్ నేర్చుకుంది. ఆమె చేసిన షీటులో కొట్టువాళ్లు కావలసిన సరుకు నింపి బొత్తాం నొక్కితే చాలు. షీటు వెనక ఆమె రాసిన ఆదేశాల వరస, మాక్రో, ధరలు వెతికి, ఆర్డరు కట్టి రాయగడకు పంపి, షీటును ఖాళీ చేసేది. ఖాళీ అయిందంటే ఆర్డరు అందినట్టే. గుడారి కృష్ణవేణమ్మ, తెర మీద ఇంగ్లీషు పెట్టె కనబడితే చాలు, యంత్రం పాడైందని కట్టేసేది. ఆవిడ కోసమే, లోపల తప్పు జరిగినా పైకి ఏమీ చూపకుండా ముందుకు పోయేట్టు సుజాత రాసిపెట్టింది.

ఆ కుర్చీ తప్ప ఆమెను నమ్మి కూర్చోబెట్టిన చోటు మరొకటి లేదు.

విశ్వకర్మ పూజనాడు వ్యానుకు, కాటాకు, కంప్యూటరుకు పసుపు కుంకుమలు పెట్టారు. పూజ అందుకున్న యంత్రాన్ని మర్నాటిదాకా ముట్టకూడదని ఆ ఇంటి ఆచారం. మధ్యాహ్నం గోవిందరాజులుగారి కొడుకు సాయిగణేష్ కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. పూజ అయ్యాక వచ్చింది కనక దానికి ఆ నియమం లేదు. కొత్త ధరలున్న షీటు ఆ పూటే కొట్లకు వెళ్లాలన్నాడు. ఆమె మాక్రో చూసి నవ్వాడు.

“ధర ఎతకడానికి ఇన్ని లైన్లేటి అమ్మీ? గోటితో పోయేదానికి గొడ్డలెట్టేవు. కొత్త ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా మాట సాలు.”

ఆ ఒక్క మాట పాత కంప్యూటర్లకు తెలుస్తుందా? రేపు పాతదాని మీద ఒకసారి చూసి పంపుదామన్న మాట ఆమెకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అతను అప్పటికే మార్చేసి ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. బొత్తాం నొక్కితే నడిచింది. మూడు ఊళ్లకూ పంపేసింది.

మర్నాడు వస్తూనే పాతదాని మీద ఆ షీటు తెరిచి, నాలుగు సరుకులు నింపి బొత్తాం నొక్కి చూసింది. కొత్త మాట దానికి తెలియలేదు, అయినా తప్పని చెప్పే పెట్టే రాలేదు. షీటు ఖాళీ అయింది. తయారైన ఆర్డరులో ఒక్క సరుకు పేరూ లేదు. సరుకు లారీ అప్పటికే, తెల్లవారుజామునే బయలుదేరింది. రాత్రి మూడు ఊళ్ల నుంచీ ఖాళీ ఆర్డర్లు రావడంతో, పండగ కదా, ఈ వారం వాళ్లకేమీ అక్కర్లేదు కాబోలనుకుని గుమాస్తాలు మిగతా ఊళ్ల సరుకే ఎక్కించి పంపారు.

సంతరోజున ఆ కొట్లలో ఉప్పు, నూనె కూడా లేవు. కాశీపూర్, బిస్సమ్ కటక్ వాళ్లు మరో హోల్‌సేల్‌కు వెళ్లిపోయారు. తప్పులు కనబడకుండా రాసిపెట్టింది ఈ పిల్లేనని సాయిగణేష్ తండ్రితో చెప్పాడు. అందులో అబద్ధం లేదు. తను మార్చిన మాట సంగతి మాత్రం అతను ఎత్తలేదు. సుజాతా ఎత్తలేదు. గోడకానుకుని పెద్దాయన ముఖం వైపే చూస్తూ నిలబడింది.

ఆయన కోప్పడనైనా లేదు.

“పోన్‌లో ఆర్డరెట్టే ఆప్ తెస్తన్నాం అమ్మీ. ఆ షీట్లవీ ఇంకొద్దు. గోడౌన్‌లో సింతపండు పేకింగ్ సూసుకో.”

సాయంత్రానికి పాత కంప్యూటరును తుక్కువాడు రిక్షాలో వేసుకుపోయాడు.

కొన్నాళ్లకు కృష్ణవేణమ్మ ఫోన్ చేసింది. సుజాత చింతపండు చేతుల్ని పావడాకు తుడుచుకుని ఎత్తింది.

“మాకా పోన్లో యవ్వారాలు తెల్దు గదే. మా పాత డబ్బాకి పనికొచ్చేది నువ్వు సేసిందే. ఎప్పుడు పంపుతావు?”

సాయిగణేష్ చెరిపేసిన ఆ లైన్లన్నీ సుజాతకు కంఠస్థమే.

“నా దగ్గర కంప్యూటర్ నేదు పిన్నీ.”

“మరి మాకెవురు సేస్తారే?”

ఎవరూ చెయ్యరని ఆమెకు తెలుసు. ఆ మాట అనలేక, వినబడనట్టు ఫోన్ పెట్టేసింది.