ఉతికిన పరదా

మొన్న వనపర్తిలో మా ఇంటికి దగ్గరి బజారులో కొత్తగా తెరిచిన చీరల దుకాణం ముందు నుంచి నడిచి వస్తూ, దాని గుమ్మానికి పైన వాలుగా కట్టిన పరదాను చూసి ఆగిపోయాను. చారల బట్ట, ఎండకు వెలిసిపోయినట్టు, వానకు మరకలు పడ్డట్టు, అంచున దారాలు లేచినట్టు ఉంది, దాని మీద దుకాణం పేరు సగం చెరిగిన అక్షరాల్లో కనిపిస్తోంది. తెరిచి నెల కూడా కాని దుకాణానికి ఇంత పాత పరదా ఎక్కడ దొరికిందో తెలుసుకుందామని లోపల కూర్చున్న అమ్మాయిని అడిగితే, ఆ పిల్ల నవ్వి, "పాతది గాదమ్మా, పాతగ కనవడాలని గట్లనే చేయించిండ్రు. ఇప్పుడు అందరికి గిట్లాంటియే నచ్చుతున్నయి" అన్నది. ఇంటికి వచ్చాక ఆ పూట అన్నం సహించలేదు, ఇంట్లోవాళ్లు ఎండ తగిలిందనుకుని మజ్జిగ కలిపి ఇచ్చారు. ఎండ తగిలిన మాట నిజమే గానీ అది ఈనాటి ఎండ కాదని వాళ్లకెలా చెప్పను, నా ఈడువాళ్లయితే అర్థం చేసుకుంటారని మీతో చెప్పుకుంటున్నాను.

నేను పుట్టి పెరిగింది గద్వాలలో, నేతవాళ్ల వాడలో. మా నాయన, చిన్నాయన ఇద్దరూ మగ్గాల మీద కూర్చునేవారు, అమ్మ నూలుకు రంగులు వేసేది, మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆమె చుట్టిన నూలు ఎన్ని చీరల్లో కలిసిపోయిందో, ఆ చీరలు ఏయే ఊళ్లలో ఎవరి పెళ్లిళ్లకు కట్టుకున్నారో ఎవరికీ తెలియదు. చీర షావుకారు పేరు మీద అమ్ముడుపోయేది, నేసినవాడి పేరే ఎవరూ అడగనప్పుడు కండెలు చుట్టిన ముసలమ్మ పేరు అడిగేదెవరు? అందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఆ పని తీరే అంత. మా వాడలో దాని గురించి బాధపడే తీరిక కూడా ఎవరికీ ఉండేది కాదు.

నా పదో తరగతి అయిపోయిన ఏడు, షావుకారుకు ఇవ్వగా మిగిలిన చీరలు నాలుగు మనమే అమ్ముకుందామని నాయన బజారులో ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకున్నాడు. పడమటి ముఖం మడిగె. మధ్యాహ్నం దాటిందంటే ఎండ తిన్నగా లోపలికి వచ్చి పట్టు అంచుల మీద పడేది, అట్లా వారం రోజులు పడితే చాలు, చిలకపచ్చ కాస్తా ఎండుగడ్డి రంగుకు తిరిగేది. అందుకని బజారులో అందరూ తాడ్‌పత్రి కొని ముందుకు వాలుగా కట్టి, దాని మీద పెయింటర్‌తో పేరు రాయించుకునేవారు. నాయన కూడా అదే చేయబోతే చిన్నాయనకు రోషం వచ్చింది. "నేసేటోళ్లం మనం, నీడకు తాడ్‌పత్రి కొనుక్కొస్తమా అన్నా? ఊరు నవ్వుతది" అని, షావుకారు పనిని నాలుగు రోజులు పక్కన పెట్టి, ముతక నూలుతో పరదా నేయడానికి కూర్చున్నాడు.

ఆ పరదాను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ల ముందు కదులుతుంది. ఒళ్లంతా తెల్ల నూలు, ముందుకు వేలాడేవైపు జానెడు ఎర్ర అంచు, ఆ అంచులో నల్ల దారంతో దుకాణం పేరు. దుకాణానికి ఎవరి పేరు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు దేవుళ్ల పేర్లు చాలా అనుకున్నారు గానీ చివరకు చిన్నాయన మా అవ్వ పేరు పెడదామన్నాడు. నేను గళ్ల కాగితం మీద అక్షరాలు రాసిస్తే, ఆయన ఆ గళ్లను చూసుకుంటూ పోగు పోగుకూ అక్షరం నేసుకుపోయాడు. అవ్వ పేరు ఇక్కడ రాయాలని ఉంది గానీ బతికున్నన్నాళ్లూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లం కాము, ఇప్పుడు కలానికి కూడా ఆ పేరు రావడం లేదు.

అవ్వకు చదువు రాదు. పరదా కట్టిన రోజు ఆమెను తీసుకొచ్చి అంచును చేతికి అందిస్తే, అక్షరాల మీద వేళ్లతో తడిమి, ఇది నా పేరేనా అని రెండు మూడుసార్లు అడిగింది. మర్నాటి నుంచి రాట్నం మడిగె ముందుకు వచ్చింది. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ఆ పరదా కింద కూర్చుని కండెలు చుడుతూ, దారిన పోయేవాళ్లలో తెలిసినవాళ్లు కనిపిస్తే తల పైకెత్తి చూపించేది. రాయచూరు వైపు నుంచి చీరలకు వచ్చే ఆడవాళ్లకు మన అక్షరాలు రావు, వాళ్లు ఎర్ర అంచును, దాని కింద ముసలమ్మను గుర్తు పెట్టుకుని 'అజ్జి అంగడి' అని, అంటే వాళ్ల కన్నడంలో అవ్వ దుకాణమని, వెతుక్కుంటూ వచ్చేవారు. కష్టాలు లేవని కాదు, ఉన్నాయి, కానీ ఆ కొద్ది కాలం మా ఇంట్లో ముఖాలు తేటగా ఉండేవి.

ఆ తేట ఎక్కువ కాలం నిలవలేదు. చిన్నాయనకు ముందు నుంచే దగ్గు ఉండేది, మరుసటి వానల నాటికి అది ముదిరి దవాఖానలో చేర్చాల్సి వచ్చింది, అక్కడి నుంచి ఆయన నడిచి రాలేదు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉండిపోయింది. ఆయన తన చేతులతో పూర్తిగా నేసి, మా దగ్గర మిగిల్చిన బట్ట ఆ పరదా ఒక్కటే, చీరలన్నీ ఎప్పటికప్పుడు వెళ్లిపోయేవి కదా. దినకర్మలు అయ్యాక అవ్వ మళ్లీ మడిగె ముందు వచ్చి కూర్చున్న రోజు, ఎవరితో అన్నదో తెలియదు గానీ, "మా చిన్నోడు నా నెత్తి మీద నీడ వెట్టి పోయిండు" అన్నది. తర్వాత ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు, సాయంత్రం లేచి ఇంటికి వెళ్లేముందు మాత్రం వేలాడే అంచును ఒకసారి చేత్తో ముట్టుకుని వెళ్లేది.

కొన్నేళ్లు గడిచాయి. అంచు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది, తెలుపు దుమ్ముపట్టి మట్టి రంగయింది, నల్ల అక్షరాల్లో అక్కడక్కడా పోగులు తెగాయి. అప్పుడు మున్సిపాలిటీవాళ్లు బజారు రోడ్డు వెడల్పు చేసి, మురుగు మోరీల మీద బండలు పరిచి, కొత్త నియమం తెచ్చారు. మోరీ దాటి ముందుకు వచ్చే దేని మీదా దుకాణం పేరు ఉండకూడదు, పేర్లన్నీ గోడకు ఆనించిన బోర్డుల మీదే ఉండాలి. నీడకు ఉత్త బట్ట కట్టుకుంటే అభ్యంతరం లేదట, పేరుంటే మాత్రం అది బోర్డు కిందికే వస్తుందట. ఒక్కొక్కరే తాడ్‌పత్రులు విప్పేసి గోడలకు రేకు బోర్డులు కొట్టించుకున్నారు. నాయన ఒక్కడే ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, అర్జీ రాయడానికి నేను వెంట వెళ్లేదాన్ని.

ఆ ఆఫీసరును నేను చెడ్డవాడని అనలేను. కూర్చోబెట్టి మాట్లాడాడు. పేరున్న అంచు కత్తిరించేస్తే పరదా ఉంచుకోవచ్చు కదా అన్నాడు. నాయన పై మీది కండువా కొసను పట్టుకుని, అంచును ఒంటికి కుట్టలేదనీ, మా గద్వాల నేతలో అంచు పోగులూ ఒంటి పోగులూ మగ్గం మీదే ఒకదానికొకటి పెనవేసుకుని కలుస్తాయనీ, ఆ కలయిక దగ్గర కత్తెర పెడితే బట్టంతా పోగులై జారిపోతుందనీ ఓపికగా చెప్పాడు. అది తమ్ముడి చేతి పనని చెప్పబోయి, మాట మార్చి మళ్లీ పోగుల గురించే చెప్పాడు. ఆఫీసరు అంతా విని, నియమం రాకముందు నుంచి ఉన్న పాతవాటికి మినహాయింపు ఇచ్చే వీలుందనీ, అర్జీ పెట్టుకుంటే తమ మనిషి వచ్చి చూసి పాతదేనని రాస్తాడనీ అన్నాడు. పాతదే కదా, ఇంకేం కావాలి? ఆ సాయంత్రం నాయన ఇంటికి మిఠాయి తెచ్చాడు.

చూడడానికి మనిషి వస్తాడని కబురు అందగానే మా ఇంట్లో జరిగింది చెబితే మీరు నవ్వుతారో ఏమంటారో తెలియదు. అవ్వ పరదాను కిందికి దింపించింది. "మాసిన బట్ట తీస్కపోయి పెద్దమనిషి ముంగట వెడ్తరారా? మన ఇంట్ల ఎన్నడన్న గట్ల చేసినమా?" అన్నది. ఒక్కరికైనా కాదనాలని తోచలేదు. నేతవాడి ఇంట్లో బట్టను ఎదుటివాళ్లకు చూపించడమంటే ఉతికి, గంజి పెట్టి, మడత విప్పితే ఫెళఫెళమనేలా చూపించడమే, మరో తీరు మాకు తెలియదు. కుంకుడు రసంలో నానబెట్టి ఉతికాం. అమ్మ పరదా తెల్లటి ఒంటిని చుట్టలా బిగించి కట్టి, అంచును మాత్రం ఎర్ర రంగు కాగులో ముంచి తీసింది. తెగిన అక్షరాల పోగుల్లో నల్ల దారం సూదితో దూర్చి, ఎక్కడ తెగిందో తనకే కనపడకుండా అల్లింది. చివరికి గంజి పెట్టి, వీధిలో పడుగు పరిచినట్టు పరదాను బారుగా చాచి పట్టుకుంటే, వాడలోవాళ్లు తలా ఒక కొస పట్టారు. చిన్నాయన పోయిన తర్వాత అవ్వ నవ్వగా చూసింది నేను ఆ రోజే. ఆయన మగ్గం దింపిన రోజు ఎట్లా ఉందో బట్ట మళ్లీ అట్లాగే ఉంది. పాతదని వీధి వీధంతా చెబుతుంది, బట్టను చూసి పాతకొత్తలు తేలుస్తారని మాకెవరికీ తట్టనే లేదు.

వచ్చిన మనిషి పరదాను పైనా కిందా చూశాడు, అంచు పట్టుకుని చూశాడు, ఎర్ర రంగు కొద్దిగా వేలికి అంటితే ఆ వేలు నాయనకు చూపించాడు. "ఇది పాతదెట్లయితది పెద్దాయనా? నిన్న మొన్న మగ్గం దిగినట్టుంది, రంగు గూడ ఆరలే. నేనేమని రాయాలె?" అన్నాడు. ఉతికినం సార్, రంగేసినం సార్, పాతదే సార్ అని నాయన ఒకటే మాట. పక్క దుకాణాలవాళ్లు వచ్చి చెప్పారు, అందరూ మీవాళ్లే కదా అని అతను నొచ్చుకోకుండానే అన్నాడు. ముందు ఎట్లా ఉండేదో ఫొటో ఏమన్నా ఉందా అని అడిగాడు. ఎండకు కట్టిన బట్టకు ఫొటో ఎవరు తీయిస్తారు? అతను కళ్లతో చూసింది రాసుకుని వెళ్లిపోయాడు. అప్పటిదాకా రాట్నం ముందు చేతులు జోడించుకుని కూర్చున్న అవ్వ, మినహాయింపు రాదని అర్థమయ్యాక, "నేనే ఉతకమంటి" అన్నది. నాయన ఆ మాట విననట్టు తల తిప్పుకున్నాడు, ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఆ సంగతి మీద ఒక్క మాట అనలేదు. ఆయన అననందుకే ఆమె ఎక్కువ కుమిలిందేమోనని నాకు అనిపిస్తుంది.

పరదాను నాయనే విప్పి, మడతపెట్టి ట్రంకు పెట్టెలో దాచాడు. గోడకు రేకు బోర్డు వచ్చింది, దాని మీద అదే పేరు పసుపు పెయింటుతో. అవ్వ దాన్ని ఎత్తున చూసి, అన్ని బోర్డుల మధ్య ఏది తనదో గుర్తుపట్టలేక, నన్ను చూపించమని అడిగింది, చూపిస్తే సరేనని ఊరుకుంది. నీడకు కట్టిన తాడ్‌పత్రి కింద మాత్రం ఆమె కూర్చోలేదు. రాట్నం ఇంటి వెనక గదికి వెళ్లింది, తర్వాత అది కూడా ఆగిపోయింది. రాయచూరు ఆడవాళ్లు ఎర్ర అంచు కనపడక మా ముందు నుంచే వెళ్లిపోయి, ఆ చివర ఎవరినో అజ్జి అంగడి ఎక్కడని అడిగేవారట. మడిగె మూతపడింది, నాయన మళ్లీ షావుకారు మగ్గానికే వెళ్లాడు.

అవ్వ పోయినప్పుడు పుట్టింటి తరఫున ఆమె తమ్ముడు కొత్త బట్ట తెచ్చాడు. చివరి బట్ట కొత్తదై ఉండాలి, నీళ్లు తగలనిదై ఉండాలి, అది మా ఆచారం. నాయన ట్రంకు పెట్టె తెరిచి పరదా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. వాడవాళ్లందరికీ అదేమిటో తెలుసు, ఎన్ని ఎండలు తిన్నదో, ఎవరు ఉతికారో తెలుసు. ఆ ముసలాయన జీవితమంతా మగ్గం మీద గడిపినవాడు, ఒకసారి తడిసిన నూలును కళ్లు మూసుకుని చెప్పగలడు. అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, అక్షరాల మీదుగా మెల్లగా జరిపి, అందరికీ వినిపించేలా, "కొత్తదే. ఇదే కప్పుండ్రి" అన్నాడు. తాను తెచ్చిన బట్టను మడిచి చంకలో పెట్టుకున్నాడు. పేరున్న అంచును నాయన ఆమె చేతుల మీదికి వచ్చేలా సర్దాడు. బోరుమని ఏడ్చింది నేను అప్పుడే.

ఇప్పుడు గద్వాల వెళితే ఆ బజారును గుర్తుపట్టడం నాకూ కష్టమే. రేకు బోర్డులు పోయి ఫ్లెక్సీలు, అవి పోయి వెలుగుతూ ఆరుతూ ఉండే అక్షరాలు వచ్చాయి, మా మడిగె ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, నాయన కూడా లేడు. బోర్డుల మీద మా నేతకు ఊరి పేరైతే ఉంది, చేతుల పేర్లు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. మొన్న వనపర్తిలో ఆ పరదా కింద నిలబడి, అలవాటు కొద్దీ అంచును ముట్టుకుని చూశాను. అచ్చు వేసిన మరకలు, అచ్చు వేసిన చిరుగులు, వేలికి ఏ రంగూ అంటలేదు. ఈ తీరు చేయించే విద్య ఆనాడు మాకు తెలిసి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అంతలోనే, తెలిసినా మా అవ్వ ఒప్పుకునేది కాదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.